తీసేసిన మూడు సెకన్లు

మున్నేకొలాలలో, పీజీ హాస్టల్ మీద రేకుల గదిలో
ఓబులేసు సార్ మొదటి పాఠం చెప్పిన రోజు
ఫ్యాను ఆపేశాం,
చప్పుడు రికార్డవుతుందని.
గోడలకు పాత పరుపులు ఆనించాం.
అయినా నీళ్ల ట్యాంకరు హారను ఒకటి
న్యూటన్ మూడో నియమం మధ్యలో దూరింది.
"ఉండనీ నసీమా, అది ప్రతిచర్య" అన్నాడు,
చొక్కా వీపుకు అతుక్కుపోయి.

నా పని కత్తిరించడం.
అంతకుముందు హిందూపురంలో పెళ్లి వీడియోలు కత్తిరించేదాన్ని,
తలంబ్రాలు ఉంచి, అలకలు తీసేసి.
సార్‌లో తీసేయాల్సినవి తక్కువే:
రెండు దగ్గులు,
కదిరి యాసలో ఒక "ఏందిరా నాయనా",
ఇంకా, ఆ ఖాళీ.

లెక్క అయిపోగానే "తెలిసిందా?" అని అడిగి
కెమెరా వంక చూస్తూ ఆగేవాడు.
ఎదురుగా ఉన్నది నేను, స్టాండు,
బకెట్లో నానేసిన నా చున్నీ.
అయినా వెనక బెంచీలో ఎవరో చెయ్యెత్తబోతున్నట్టు
మూడు సెకన్లు. ఒక్కోసారి నాలుగు.
నేను తీసేసేదాన్ని.
చూసేవాళ్లకు బోరు కదా.

బోరు లేని పాఠం ఊళ్లు దాటింది.
చింతామణి, మదనపల్లె, ముల్బాగల్.
టమాటాల లారీ క్యాబిన్లో కూర్చుని
ఒక క్లీనరు ఘర్షణ బలాలు నేర్చుకున్నాడట,
పాసయ్యాక డజను కోడిగుడ్లు తెచ్చిచ్చాడు.

తర్వాత డబ్బు వచ్చింది.
మా ఇనప మెట్లెక్కి రాలేదు, తన లిఫ్టు తనే తెచ్చుకుంది.
రింగు రోడ్డు మీద తొమ్మిదో అంతస్తు.
ఓబులేసు పలకడానికి పొడుగైందేమో, కార్డు మీద "ఓబి" అయ్యాడు.
వేళ్ల సందుల్లో సుద్ద తెలుపు పోయింది.
హాల్లో ఇత్తడి గంట కట్టారు.
బడి గంటేమో అనుకున్నా.
కోర్సు అమ్ముడైనప్పుడల్లా కొట్టేదట.

అమ్మే పిల్లలకు ఒక కాగితం ఇచ్చారు,
తండ్రి "ఆలోచిస్తాను" అంటే వెంటనే ఏమనాలో.
కోలారు దగ్గర పంచర్లు వేసే చౌడప్ప
నెల వాయిదాల మీద నాలుగేళ్ల ఐఐటీ పునాది కొన్నాడు.
కూతురికి పదకొండేళ్లు.
గంట మోగింది.
గాజుగదిలో సార్ తలెత్తాడు,
లేవబోయాడనుకున్నా.
ఇంకో ఫోనొచ్చింది.

చెడ్డవాడని చెప్పను.
మా తమ్ముడి మోకాలి ఆపరేషనుకు
ఎంతని అడక్కుండా ఇచ్చాడు.
ఆ గంట కొనుక్కొచ్చింది కూడా నేనే,
చిక్‌పేటలో, బేరమాడి.

పిల్లలు మళ్లీ బళ్లకు పోయారు.
పెట్టినవాళ్లు లెక్కలడిగారు, ఫిజిక్సు లెక్కలు కావు.
ఒక మంగళవారం ఏడువందల మందిని ఒకే తెర మీదికి పిలిచి
పదకొండు నిమిషాల్లో పంపేశారు.
అందరి మైకులూ మూసేసి ఉన్నాయి.
చివర్న సార్ అడిగాడు, అలవాటే అనుకుంటా,
"తెలిసిందా?"
ఆగాడు.
ఏడువందల చిన్న గళ్లలో ఏడువందల మొహాలు.
ఆ ఖాళీని నేను కత్తిరించలేకపోయాను.
అది లైవు.

కుర్చీలు శివాజీనగర్ పాత సామాన్ల వాళ్లు తూకానికి పట్టుకుపోయారు.
గంట ఎవరికీ అక్కర్లేకపోయింది,
నా గదిలో ఉంది, దాని మీద ఇయర్‌ఫోన్లు తగిలిస్తాను.

కె.ఆర్.పురం రైలు పట్టాల వెనక
సార్ ఇప్పుడు పదిమందికి చెబుతున్నాడని విన్నా.
తిరిగి కట్టాల్సినవాళ్ల పుస్తకం ఒకటి రాసుకున్నాడట.
అందులో చౌడప్ప రెండో పేరు.
మొదటిది ఎవరిదో చెప్పడు.

పోయిన నెల ఫోను చేశాడు.
"నసీమా, అప్పట్లో నువ్వు తీసేసిన ముక్కలు
పారేశావా?"
లేదు సార్, పాత డిస్కులో ఉన్నాయి,
హిందూపురం పెళ్లివాళ్ల అలకల పక్కనే.
ఎనిమిదివందల పాఠాలవి
కలిపితే ఆరు గంటల నలభై నిమిషాలు.
పంపనా?

అవతల మాట లేదు.
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.